ఎడమ కిడ్నీ కనబడలేదు

మా స్కానింగ్ గదిలో సీనియర్ టెక్నీషియన్‌కి అందరూ పెట్టిన పేరు రెండు నిమిషాల సారు. ఆయన ఎదుట ఎవరూ అనరు గానీ ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతాడు కూడా. మనిషిని మంచం మీద పడుకోబెట్టడం, పొట్ట మీద జెల్లు పిండటం, ప్రోబు నాలుగు చోట్ల ఆనించి నాలుగు బొమ్మలు పట్టడం, టిష్యూ కాగితం చేతిలో పెట్టి "లేవండి, తరవాతి వాళ్ళు" అనడం, అన్నీ కలిపి రెండు నిమిషాలు. బయట బెంచీల మీద రోజూ డెబ్బై ఎనభై మంది ఉంటారు. సీసాల కొద్దీ నీళ్ళు తాగి, మూత్రం బిగపట్టుకుని కూచున్న వాళ్ళకు ఆయన దేవుడు.

నేను ఆయన దగ్గర ఏడాదిన్నరగా పని నేర్చుకుంటున్నాను. నాది మరీ నెమ్మది. ఒక్కొక్కరికి పావుగంట పట్టేది.

"ఈ అమ్మాయి స్కాన్ చేస్తోందా, పొట్టకు సున్నం వేస్తోందా?" అని ఆయన గుమ్మంలో నిలబడి అంటే బెంచీలన్నీ నవ్వేవి. నేనూ నవ్వేదాన్ని. నాకు మాట్లాడటం తక్కువ, చూడటం ఎక్కువ.

అలా చూస్తూ చూస్తూ ఒకటి కనిపెట్టాను. మా కంప్యూటర్లో రిపోర్టు తెరిస్తే అది ఖాళీగా ఉండదు. కాలేయం బాగుంది, పిత్తాశయంలో రాళ్ళు లేవు, రెండు కిడ్నీలూ వాటి చోట్లలో మామూలుగా ఉన్నాయి అని ముందే నింపి ఉంటుంది. తేడా ఉన్న వాక్యం ఒక్కటి మార్చుకుంటే చాలు. కిడ్నీల కొలతల దగ్గర మాత్రం రెండు ఖాళీ గళ్ళుంటాయి. వాటిలో సారు కుడికి తొమ్మిది పాయింట్ ఎనిమిది అనీ, ఎడమకు పది పాయింట్ ఒకటి అనీ కొట్టేవాడు. లారీ డ్రైవరుకీ పది పాయింట్ ఒకటే, బక్కపల్చటి కాలేజీ పిల్లకీ పది పాయింట్ ఒకటే. నెల రోజులు గమనించి ఒకసారి అడిగాను.

"సార్, అందరికీ ఎడమది ఒకే కొలత వస్తోంది."

"ఇక్కడి నీళ్ళు అలాంటివి" అన్నాడు, కళ్ళెత్తకుండా.

మరి నేనెందుకు ఊరుకున్నానంటే, నా శిక్షణ పుస్తకానికి కావాల్సిన సంతకం ఆయన చేతిలో ఉంది. శిక్షణలో ఉన్నవాళ్ళు రెండు వందల స్కాన్లు చేసి, ఒక్కోదానికి ఒక్కో పేజీ రాయాలి. ఆఖరి పేజీలో సీనియర్ "ఇవన్నీ నా ఎదుట చేసింది" అని సంతకం పెట్టాలి. ఆ సంతకం ఉంటేనే పారామెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. సర్టిఫికెట్ లేకపోతే ఏ ఆసుపత్రిలోనూ నేను ప్రోబు ముట్టుకోకూడదు. నా పుస్తకంలో నూట తొంభై తొమ్మిది పేజీలు నిండాయి. ఇంకొక్కటే మిగిలింది.

ఆ పుస్తకం కోసం నేను ఇంట్లో పడని మాటలు లేవు. మా ఊరి బడిలో సైన్సు గది అంటే ఒక అద్దాల బీరువా. దాని తాళంచెవి ఎప్పుడో పోయింది. లోపల ఉన్న గాజు సీసాలనీ, మట్టితో చేసిన గుండె బొమ్మనీ అద్దానికి ముక్కు ఆనించి చూడటమే మా చదువు. మూసి ఉన్నదాన్ని తెరవకుండా చూడటం నాకు అక్కడే అలవాటైంది. ఈ కోర్సులో చేరతానంటే మా బాబాయి ఒంటికాలి మీద లేచాడు. "చీకటి గదిలో కూచుని ముక్కూ మొహం తెలియని వాళ్ళ పొట్టలు తడమడమా? అదీ ఒక ఉద్యోగమేనా?" అన్నాడు. మా అమ్మ మూడు రోజులు అన్నం గిన్నె నా ముందు చప్పుడయ్యేలా పెట్టింది. మా మేనత్త ఒక్కతే నా పక్కన నిలబడింది. ఆవిడ ఈ ఆసుపత్రి లాండ్రీలోనే దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. వెనక వీధిలో ఆవిడ ఒంటిగది వాటాలోనే నేనూ ఉంటున్నాను. "రానీండి, నా దగ్గరుంటుంది" అని తీసుకొచ్చి, బస్సు ఎక్కిన దగ్గర్నుంచీ ఒకటే మాట చెప్పింది.

"చూడవే పిల్లా, ఇక్కడ తలొంచుకుని పని చేసుకో. దుప్పటికి మడత ఎంతో మనిషికి వినయం అంత."

సరేనన్నాను. ఏడాదిన్నర ఆ మాట మీదే ఉన్నాను.

రెండు వందో స్కాన్ కోసం ఆ సోమవారం పొద్దున వచ్చినావిడ టైలరు. నలభై ఐదేళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చింది. నెల క్రితం ఎవరో డాక్టరు ఆవిడ పొత్తికడుపు ఎడమవైపు నొక్కి చూసి, గడ్డేదో తగులుతోందని మా దగ్గరికి పంపారు. సారు స్కాన్ చేసి "అండాశయం గడ్డ కావచ్చు, తొమ్మిది సెంటీమీటర్లు" అని రాశాడు. మిగిలిన వాక్యాలు ముందే నింపి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పెద్ద సీటీ స్కాన్ మిషన్ రెండు నెలలుగా రిపేరులో ఉండటంతో సర్జన్ ఈ కాగితం మీదే ఆపరేషన్ ఖాయం చేశాడు. ఎల్లుండే. గడ్డ ఈ నెల్లో పెరిగిందేమో ఒకసారి చూసి పంపమని మళ్ళీ రాశాడు.

"తొందరగా కానీ తల్లీ. ఇంకో పది నిమిషాలైతే నీ మంచమే తడిసిపోతుంది" అంది ఆవిడ పడుకుంటూ.

"కాస్త ఓర్చుకోండి అక్కా. నాది నెమ్మది."

"నీ గురించి బయట చెప్పుకుంటున్నార్లే. సున్నం వేసే పిల్లవి నువ్వేగా?"

లైటు తీసేశాను. తెర మీద బూడిదరంగు మసక లేచింది. కాలేయం, పిత్తాశయం, కుడి కిడ్నీ అన్నీ చూశాను. కిడ్నీ తెర మీద చిక్కుడు గింజలా ఉంటుంది. అంచు నల్లగా, నడుమ తెల్లగా. కుడిది బాగుంది. ఆవిణ్ణి కుడిపక్కకు తిప్పి, ఎడమ చెయ్యి తలమీదికి ఎత్తించి, ఊపిరి పీల్చి బిగపట్టమన్నాను. పక్కటెముకల సందుల్లోంచి చూశాను. ప్లీహం కనబడింది. దాని కింద ఉండాల్సిన కిడ్నీ కనబడలేదు.

మళ్ళీ ఊపిరి పట్టమన్నాను. వీపు వైపు నుంచి చూశాను. కూచోబెట్టి చూశాను. బోర్లా పడుకోబెట్టి చూశాను.

"ఏంటమ్మాయ్, దోసె తిప్పినట్టు తిప్పుతున్నావ్?"

"ఒక్క నిమిషం అక్కా."

ఇంతలో తలుపు తోసుకుని సారు వచ్చాడు. వెనక గుమ్మంలోంచి వెలుతురు పడి తెర తెల్లబోయింది.

"ఇరవై నిమిషాలైంది. గడ్డ కొలత చూసి పంపమంటే ఏం చేస్తున్నావు?"

"ఎడమ కిడ్నీ కనబడటం లేదు సార్."

"గ్యాస్ అడ్డుంటుంది. రాసెయ్."

"ఏమని రాయను?"

ఆయన నా వంక వింతగా చూశాడు. "కొత్తగా అడుగుతావేం? పది పాయింట్ ఒకటి."

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నా నోట్లోంచి వచ్చింది. "కొలవంది రాయను సార్."

"పోయిన నెల నేను చూశాను. ఉంది. రాసెయ్."

"అయితే మీరు ఒక్కసారి చూపించండి. చూసి రాస్తాను."

టైలరక్క తల తిప్పి ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. సారు కోపంతో అరవలేదు. నవ్వాడు. ఆ నవ్వే నాకు ఒళ్ళు మండించింది.

"నీది ఇదే ఆఖరిది కదూ? పుస్తకం సాయంత్రం తెస్తావు కదూ? బాగా ఆలోచించుకుని టైపు చెయ్యి" అని, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆలోచించుకున్నాను. ఆ ఒక్క కొలత కొడితే సాయంత్రానికి సంతకం. గ్యాస్ అడ్డు వచ్చే మాట కూడా నిజమే, రోజూ వస్తుంది. ఆయన చూశాననే అన్నాడు. తప్పైనా ఆయనదే అవుతుంది గానీ నాది కాదు. ఇన్ని సర్దుబాట్లు వరసగా మనసులోకి వస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. కీబోర్డు దగ్గరికి లాక్కుని, "రెండు కిడ్నీలూ వాటి చోట్లలో మామూలుగా ఉన్నాయి" అన్న వాక్యాన్ని మొత్తం చెరిపేసి, "ఎడమ కిడ్నీ దాని చోట కనబడలేదు" అని కొట్టాను.

"ఏం రాశావు?" అంది టైలరక్క.

"కనబడంది కనబడలేదని రాశాను."

"ఆయన కొలవకుండానే రాయమన్నాడా?" ఆవిడ మోచేతుల మీద లేచింది. "ఓరి నాయనో! నేను కొలవకుండా గుడ్డ కోస్తే మా వీధిలో నన్ను కోసేస్తారే!"

"అక్కా, ఇంకో పది నిమిషాలు ఓర్చుకోగలరా? మూత్రానికి వెళ్ళకుండా?"

"కాళ్ళు మెలేసుకుని ఉంటా. చూడు. తేల్చు దీని సంగతి."

నాకొక ఉపాయం తోచింది. కిడ్నీ కనబడకపోయినా, అది పని చేస్తుంటే మూత్రం మూత్రాశయంలోకి రావాల్సిందే. కుడి కిడ్నీది కుడి మూల నుంచి, ఎడమ కిడ్నీది ఎడమ మూల నుంచి వస్తుంది. రంగు మీట నొక్కితే అలా చిమ్మినప్పుడల్లా తెర మీద ఒక రంగు రవ్వ ఎగిసి ఆరిపోతుంది. క్షణం పాటు ఉంటుందంతే. ఎప్పుడు వస్తుందో తెలియదు. కన్నార్పకుండా కూచోవాలి. రెండు నిమిషాల్లో అయ్యే పని కాదు.

ప్రోబు పొత్తికడుపు మీద ఆనించి కదలకుండా కూచున్నాను. కుడి మూల నుంచి ఒక రవ్వ ఎగిసింది. కాసేపటికి మళ్ళీ కుడి నుంచే. మణికట్టు లాగుతోంది. బయట బెంచీల గొణుగుడు పెద్దదైంది. ఎవరో తలుపు తట్టారు. మళ్ళీ కుడి. ఎడమ మూల నల్లగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

అప్పుడు ఎడమ మూల నుంచి రవ్వ ఎగిసింది. చక్కగా, ఏటవాలుగా, నడుమ దాకా.

అంటే ఈవిడకి ఎడమ కిడ్నీ ఉంది. పని చేస్తోంది. ఉండాల్సిన చోట లేదు, అంతే. మరెక్కడుంది?

ప్రోబును నెమ్మదిగా ఆ గడ్డ మీదికి జరిపాను. ఇంతసేపూ దాన్ని గడ్డ అనుకునే చూశాను కాబట్టి నాకూ అది గడ్డలాగే కనబడింది. ఇప్పుడు కిడ్నీ అనుకుని చూశాను. అడ్డంగా తిరిగి, చదునుగా పడుకుని ఉంది గానీ అంచు నల్లగా ఉంది, నడుమ తెల్లగా ఉంది. రంగు వేస్తే రక్తనాళం నడుమ నుంచే లోపలికి పోయి కొమ్మలుగా చీలింది. ఎడమ అండాశయం దాని పక్కనే, విడిగా, బాదంగింజంత ఉంది. పుట్టుకతోనే పొత్తికడుపులో ఉండిపోయిన కిడ్నీ అది. ఎల్లుండి కోసి పారేయబోతున్నది దాన్నే.

బొమ్మలు పట్టాను. ఒకటి కాదు, పదకొండు.

రిపోర్టుల మీద సంతకాలు పెట్టే పెద్ద డాక్టరమ్మ పక్క గదిలో ఉంటుంది. ఆవిడకి నా పేరు కూడా తెలియదనుకుంటాను. శిక్షణ వాళ్ళు ఆ గదిలోకి సారు ద్వారానే వెళ్ళాలి. తలుపు తట్టకుండా వెళ్ళాను.

"మేడమ్, మీరొచ్చి ప్రోబు పట్టుకోవాలి."

"సార్ ఏడి?"

"టీకి వెళ్ళారు. మేడమ్, ఆ టైలరక్కది గడ్డ కాదు. కిడ్నీ."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసి పాత రిపోర్టు తీసింది. కింద ఉన్న సంతకం ఆవిడదే. దాన్ని కాసేపు చూసి, నన్ను చూసి, లేచింది. వచ్చి నా స్టూలు మీద కూచుని తనే స్కాన్ చేసింది. పక్కటెముకల దగ్గర ఒకసారి, కింద ఒకసారి. సగంలో సారు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"కిడ్నీయే" అంది డాక్టరమ్మ. ఫోను తీసి సర్జన్‌తో రెండు ముక్కల్లో చెప్పింది.

టైలరక్క జెల్లు తుడుచుకోవడం ఆపేసింది. "అంటే గడ్డ అనుకుని నా కిడ్నీ తీసేసేవాళ్ళా?" ఆవిడ సారు వైపు తిరిగి, "కొలవకుండా రాశావటగా బాబూ?" అంది. ఆవిడ ఇంకా ఏదో అనబోయి, "ఉండండి, ముందు బాత్రూంకి వెళ్ళొచ్చి తిడతాను" అని పరుగు తీసింది.

నిజంగానే వచ్చి తిట్టింది. అరగంట సేపు. బెంచీలన్నీ విన్నాయి.

సాయంత్రం పుస్తకం పట్టుకెళ్ళాను. సారు కుడి భుజం నొక్కుకుంటూ కూచున్నాడు. ఇరవై రెండేళ్ళు రోజుకి ఎనభై మంది చొప్పున చేసిన భుజం. ఆయన మీద జాలి వేయలేదని అనను. పుస్తకం తిరగేసి రెండు వందో పేజీ దగ్గర ఆగాడు.

"ఈ పేజీ చింపేసి ఇంకో స్కాన్ రాసుకురా. రేపు పొద్దున సంతకం పెడతాను."

"ఎందుకు సార్?"

"ఈ పుస్తకం బోర్డుకి వెళ్తుంది. ఇది చదివితే పోయిన నెల ఎవరు చేశారని అడుగుతారు. నీకు పోయేదేముంది? ఆవిడ బాగానే ఉందిగా!"

"నేను చేసిన స్కాన్ సార్ ఇది. మిగతా నూట తొంభై తొమ్మిదీ మీరు చెప్పినట్టు చేశాను. ఇదొక్కటే నా అంతట నేను చేసింది."

"కళ్ళు నెత్తికెక్కాయి నీకు."

"ఎక్కలేదు సార్. తెర మీదే ఉన్నాయి."

ఆయన పుస్తకం నా వైపు నెట్టేశాడు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పెడితే బోర్డు కాదనదు. పుస్తకం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"రెండు వందో పేజీ మీద పెడతాను. నా చేత్తో నేను చూశాను కాబట్టి" అంది. "మిగతావి నేను చూడలేదు. చూడనిదానికి సంతకం పెట్టి ఏమైందో ఇవాళ నువ్వే చూపించావు. మళ్ళీ పెట్టమనకు."

ఏం అడగను? పొద్దున నేనన్న మాటే ఆవిడ నాకు తిరిగి చెప్పింది. ఒక్క పేజీ మీద సంతకంతో ఇంటికి నడిచాను.

మేనత్త ఇస్త్రీ చేసొచ్చిన చేతులు సబ్బుతో కడుక్కుంటూ అంతా విని నెత్తి కొట్టుకుంది.

"చింపెయ్యవే! ఒక్క కాగితం! మీ బాబాయికి నేనేం చెప్పుకోను? పొట్టలు తడిమే ఉద్యోగం కూడా రాలేదని చెప్పనా?"

"చెప్పు అత్తా. చింపలేదు కాబట్టి రాలేదని చెప్పు."

"నోట్లో నాలుక లేని పిల్లవని తెచ్చుకున్నాను. ఎక్కడ దాచావే ఇన్నాళ్ళూ?"

నేను అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆవిడ నా తెల్లకోటు ఇస్త్రీ చేసి మేకుకు తగిలించింది.

మర్నాడు అదే వేసుకుని బోర్డు ఆఫీసుకి వెళ్ళాను. కిటికీ వెనక గుమాస్తా పుస్తకాన్ని చివరి నుంచి తెరిచాడు.

"సంతకం లేదమ్మా."

"లేదండీ. ఎందుకు లేదో పక్కన రాశాను, చదవండి."

"చదవడం మా పని కాదు. సంతకం లేని పుస్తకాలు తీసుకోం."

""తీసుకోం" అని రాసివ్వండి. అది తీసుకుని వెళ్తాను."

"అలా రాసివ్వడం ఉండదు."

"అయితే చదివేవాళ్ళు వచ్చేదాకా కూచుంటాను. నాకు కూచోవడం బాగా వచ్చండీ."

ఆయన భోజనానికి వెళ్ళి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. మూడింటికి విసుగెత్తి పుస్తకం లోపలికి పట్టుకెళ్ళాడు. నాలుగున్నరకి నన్ను పిలిచారు. పెద్ద బల్ల వెనక ఆఫీసరు మేడమ్ రెండు వందో పేజీ తెరిచి పెట్టుకుని ఉంది. ఆ ఆసుపత్రి పాత రిపోర్టులన్నీ తెప్పిస్తున్నామని చెప్పింది. సంబరపడబోయాను. ఆవిడ వేలు ఎత్తింది.

"అది వేరే సంగతి. నీ సంగతి వేరు. సీనియర్ సంతకం లేని నూట తొంభై తొమ్మిదీ చెల్లవు. నియమం నీ కోసం మారదు. డాక్టరు సంతకం ఉన్న ఈ ఒక్కటే చెల్లుతుంది. వేరే ఆసుపత్రికి పంపుతాం. మిగతావి మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. ఏడాది పైనే పడుతుంది. ఇప్పటికైనా ఆ పేజీ తీసేసి పాత సీనియర్ దగ్గర సంతకం తెచ్చుకుంటానంటే పుస్తకం వెనక్కి ఇచ్చేస్తాను. నేను చూడనట్టే అనుకుందాం. ఏమంటావు?"

నన్ను పరీక్షిస్తోందో, నిజంగానే జాలిపడుతోందో తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. నా వయసు ఇరవై మూడు. నూట తొంభై తొమ్మిది పొట్టలు, ఒక్కోదానికి పావుగంట. ఈసారి ఎవరు గుమ్మంలో నిలబడి ఎన్ని అన్నా పావుగంటే.

"కొత్త పుస్తకం ఇవ్వండి మేడమ్" అన్నాను. "ఏ ఆసుపత్రి? రేపు ఎన్నింటికి వెళ్ళాలి?"